టైటానిక్ మోడల్‌కి కేసు కట్టాలి: అక్రిలికా, గాజా? అతుకుల దగ్గర మసక రాకుండా ఎలా?

పడవపిచ్చి
1/350 టైటానిక్ పూర్తయింది. అసలు ఓడ 269 మీటర్లు కాబట్టి మోడల్ దాదాపు 77 సెంటీమీటర్లు వచ్చింది. దారాలు, రెయిలింగులు, క్రేన్లు అన్నీ వెంట్రుకవాసి సన్నం, దుమ్ము పడితే తుడవడం కూడా కష్టం. అందుకే కేసు లేకుండా ఒక్క వారం కూడా బయట ఉంచాలని లేదు. ఇంతకుముందు ఒక చిన్న ఓడకి బయట ఒకరి దగ్గర అక్రిలిక్ కేసు చేయించాను. తెచ్చిన రోజు అద్దంలా ఉంది. కొన్నాళ్లకి అతుకుల పక్కన తెల్లటి మసక, ఆ మసక పక్కనే సన్నటి నెర్రెలు, ఇప్పుడు మూలల దగ్గర ఓడ కనపడడమే లేదు. ఈసారి నేనే కట్టుకుంటా. అక్రిలిక్ మంచిదా, గాజు మంచిదా? మందం ఎంత ఉండాలి? ఏ జిగురు వాడాలి? గాలి చొరకుండా బిగించాలా వద్దా?

సన్నసూది
మసక వేరు, నెర్రెలు వేరు. రెండింటికీ ఒకే కారణం అనుకుంటే ఈసారి కూడా ఒకటి మిగిలిపోతుంది. మసక ఎక్కువగా సూపర్ గ్లూ వల్ల వస్తుంది. అది గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి పక్కన వాలి తెల్లగా పేరుకుంటుంది. నెర్రెల సంగతి చెప్పాలంటే ఒక మాట తెలియాలి: ఆ పలకలు లేజర్‌తో కోసినవా, రంపంతోనా?

పడవపిచ్చి
లేజర్. అంచులు తళతళలాడేవి, అందుకే అక్కడ చేయించాను.

సన్నసూది
అయితే అదే. లేజర్ అక్రిలిక్‌ని కోయదు, కరిగించి ఆవిరి చేస్తూ పోతుంది. అంచు మాత్రం ఒక్కసారిగా వేడెక్కి వెంటనే చల్లారుతుంది, దాని పక్కనున్న పదార్థం చల్లగానే ఉంటుంది, దాంతో అంచులో బిగువు ఉండిపోతుంది. కంటికి ఏమీ కనపడదు. ఆ బిగువున్న అంచుకి ద్రావకం గాని, స్పిరిట్ గాని, అమోనియా ఉన్న కిటికీ క్లీనర్ గాని తగిలితే నెర్రెలు విచ్చుకుంటాయి, ఒక్కోసారి నిమిషాల్లో, ఒక్కోసారి నెలల తర్వాత. అంచుని మంటతో మెరిపించినా ఇదే కథ.

దారులు రెండు. ఒకటి, లేజర్ పలకల్ని అతికించే ముందు 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచి, చాలా నెమ్మదిగా చల్లార్చడం. బిగువు వదులుతుంది. కానీ 90 సెంటీమీటర్ల పలక పట్టే ఓవెన్ ఎవరి దగ్గర ఉంటుంది? కాబట్టి రెండోదే నయం: సన్నని పళ్ల రంపపు బిళ్లతో కోయించి, అంచుని స్క్రేపర్‌తో గీకి చదును చేసుకోవడం. అంచు మెరవక్కర్లేదు, సమంగా ఉండాలి అంతే. అతికేటప్పుడు ద్రావకం పడగానే అదే పారదర్శకం అవుతుంది.

ఇంకోటి, కొనేటప్పుడు కాస్ట్ షీటు, అంటే అచ్చులో పోతపోసినది అడగండి. ఎక్స్‌ట్రూడెడ్ షీటు, అంటే యంత్రంలోంచి ఒత్తి తీసినది, మందం అంతటా బాగా సమంగా ఉంటుంది, నిజమే, కానీ లోపల బిగువు ఎక్కువ, నెర్రెలకి త్వరగా లొంగుతుంది, రంపం కింద కరిగి అంటుకుంటుంది.

అద్దాలమేడ
ఇంత తంటా ఎందుకండీ, గాజు పెట్టుకోండి. నెర్రెలు రావు, గీతలు పడవు, ఏ క్లీనర్‌తోనైనా తుడుచుకోవచ్చు, పాతికేళ్లైనా పసుపెక్కదు.

లోకో_1435
గాజు అంటే బరువు కూడా చూడాలిగా. కేసు బయటి కొలత 90 × 25 × 30 సెం.మీ. అనుకుందాం. అయిదు ముఖాలు కలిపితే 0.915 చదరపు మీటర్లు. 5 మి.మీ. అక్రిలిక్ అయితే 5.4 కిలోలు. అదే మందం గాజు 11.4 కిలోలు. ఒక్క మనిషి ఆ మూతని నిటారుగా పైకెత్తి, ఓడ మీది కొయ్య స్తంభాలకి తగలకుండా పక్కకి తీయగలడా? అక్రిలిక్‌ని ఇద్దరు రెండు కొసలా పట్టుకుంటే తేలిగ్గా లేస్తుంది.

అద్దాలమేడ
మూత ఎత్తాల్సిన పనేంటి? గాజు కేసుకి ముందు పలకని తలుపుగా పెట్టుకోవచ్చు, మిగతాది కదలదు. నా దగ్గర రైలింజన్లన్నీ అలాంటి వాటిలోనే ఉన్నాయి. అక్రిలిక్‌ని పొడి గుడ్డతో తుడిచి చూడండి, గదిలో ఉన్న దుమ్మంతా వచ్చి దాని మీదే వాలుతుంది. దుమ్ము నుంచి కాపాడడానికి దుమ్ముని పిలిచే వస్తువా?

సన్నసూది
@అద్దాలమేడ పొడి గుడ్డ వాడితేనే ఆ గొడవ. రాపిడికి విద్యుదావేశం పుడుతుంది. కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ, నీళ్లలో ఒక చుక్క తేలికపాటి సబ్బు, తర్వాత యాంటీ స్టాటిక్ ద్రవం. మూత పెట్టే ముందు మాత్రం లోపలి వైపు తప్పకుండా చేయాలి, లేకపోతే మీరన్నట్టు దుమ్ము లోపలే అంటుకుంటుంది.

నీలిరెక్క
వెలుగు లెక్కలో కూడా అక్రిలిక్ తక్కువేం కాదు. అక్రిలిక్ 92 శాతం వెలుగుని పంపిస్తుంది, మామూలు కిటికీ గాజు 90 దగ్గర. గాజు అంచు నుంచి చూస్తే ఆకుపచ్చగా ఉంటుంది, అది ఇనుము వల్ల. తెల్లటి విమానం పక్కన ఆ ఆకుపచ్చ నాకు నచ్చదు. 1/72 స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 15.6 సెంటీమీటర్లే, దానికి 3 మి.మీ. అక్రిలిక్ చాలా ఎక్కువ. కానీ 90 సెంటీమీటర్ల మూతకి 3 పెడితే పై పలక మధ్యలో కుంగుతుంది. 5 కంటే తగ్గొద్దు.

పడవపిచ్చి
మూత ఎత్తే పద్ధతే కావాలి నాకు. ముందు తలుపు పెడితే కీలు దగ్గర గీత ఓడకి అడ్డొస్తుంది. అక్రిలిక్, 5 మి.మీ., కాస్ట్, రంపం కోత. ఇక కొలతలు. ఓడ 77 పొడవు, 8 వెడల్పు. లోకో గారు చెప్పిన 90 × 25 × 30 సరిపోతుందా?

లోకో_1435
ముందు వెనక 6 సెం.మీ. చొప్పున, పక్కలకి 8 చొప్పున ఖాళీ వస్తుంది. బాగుంటుంది. మరీ బిగుతుగా ఉంటే ఓడ ఇరుక్కున్నట్టు ఉంటుంది, మరీ వదులైతే చిన్నదైపోతుంది. ఎత్తు మాత్రం కొయ్య చివరి నుంచి, కింద నిలబెట్టే స్తంభాలతో కలిపి కొలిచి, పైన కనీసం 4 సెం.మీ. వదలండి.

పలకలు ఇలా వస్తాయి: పై పలక 900 × 250 మి.మీ. పొడవాటి పక్క పలకలు రెండు, 900 × 295. కొస పలకలు రెండు, 240 × 295. పై పలక నాలుగింటి నెత్తిన కూర్చుంటుంది, కొస పలకలు పొడవాటి వాటి మధ్య ఇరుక్కుంటాయి. ముందు నుంచి చూస్తే నిలువు అతుకు గీతలు కనపడవు, పక్క నుంచి మాత్రమే కనపడతాయి.

కంచుగంట
@లోకో_1435 ఈ లెక్క షీటు సరిగ్గా 5.0 ఉంటేనే. కాస్ట్ షీటు అలా ఉండదు, 4.6 ఉండొచ్చు, 5.3 ఉండొచ్చు, ఒకే షీటులో ఈ మూలకీ ఆ మూలకీ తేడా ఉంటుంది. షీటు చేతికొచ్చాక వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిచి, అప్పుడు కొస పలక వెడల్పు తేల్చుకోవాలి. ఇంకోటి, మూత పీఠంలోని గాడిలోకి దిగేట్టయితే ఆ గాడి లోతు పక్క పలకల ఎత్తుకి కలపాలి. 6 మి.మీ. గాడి అయితే 295 కాదు, 301.

లోకో_1435
గాడి లోతు కలపాలి, సరే. జతగా ఉండే పలకల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి రంపం పక్కనుండే ఆనుపట్టీని (ఫెన్సు) కదపకుండా ఒకే అమరికలో కోయించండి, అప్పుడు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా రెండూ ఒకేలా అవుతాయి. మూత చతురస్రంగా రావడానికి అసలు కొలత కంటే అదే ముఖ్యం.

పడవపిచ్చి
గాడి వెడల్పు ఎంత? షీటు 5 కదా, 5.5 సరిపోతుందా?

నీలిరెక్క
చాలదు. అక్రిలిక్ వేడికి గాజు కంటే చాలా ఎక్కువ సాగుతుంది. మీటరుకి, ఒక్క డిగ్రీకి 0.07 మి.మీ. మీ 90 సెంటీమీటర్ల పలక 20 డిగ్రీల తేడాకి 1.26 మి.మీ. పెరుగుతుంది. గాడి బిగుతుగా ఉంటే ఎండాకాలం మూత పైకి రాదు. 7 మి.మీ. వెడల్పు చేయించి, రెండు కొసల దగ్గర ఒక్కో మిల్లీమీటరు వదలండి.

తెరచాప
గాడి తీయించడం ఇష్టం లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. పీఠం మీద మూత లోపలి కొలత కంటే కొంచెం చిన్నగా ఒక మెట్టు పలక బిగించండి. మూత ఆ మెట్టు చుట్టూ దిగుతుంది, బయట సన్నని చెక్క బీడింగ్ కొడితే అంచు కూడా దాగిపోతుంది. గాడి తీసే రౌటర్ యంత్రం లేని వాళ్లకి ఇదే సుఖం.

పడవపిచ్చి
మెట్టు పద్ధతి నచ్చింది. ఇక అతకడం గురించి ఎవరైనా వివరంగా రాయండి. నాకు అక్కడే భయం.

సన్నసూది
పలచటి ద్రావకం. నీళ్లలా ఉంటుంది, డైక్లోరోమీథేన్ ఆధారంగా తయారవుతుంది. కొంతమంది క్లోరోఫామ్ వాడతారు. ఏదైనా సరే ఆవిరి ఒంటికి మంచిది కాదు. కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి మీ ముఖం నుంచి బయటికి పోయేట్టు పెట్టుకుని చేయండి. మామూలు రబ్బరు గ్లవ్స్‌ని డైక్లోరోమీథేన్ చాలా త్వరగా దాటేస్తుంది, అవి ఉన్నాయన్న ధైర్యంతో చేయి తడపొద్దు.

ఇది జిగురు కాదు, రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే సందు ఉంటే పూడ్చదు. అంచు సమంగా లేకపోతే అక్కడ బుడగ మిగులుతుంది. ముందు అంచుని స్క్రేపర్‌తో ఒకే దిశలో గీకాలి. ఉప్పుకాగితం చేత్తో రుద్దితే అంచు గుండ్రమవుతుంది, ఆ గుండ్రం దగ్గరే సందు. రుద్దాల్సి వస్తే కాగితాన్ని గాజు పలక మీద అతికించి, షీటుని దాని మీద నిటారుగా నడపండి.

రక్షణ కాగితాన్ని మొత్తం తీయొద్దు. అతుకు దగ్గర రెండు వేళ్ల వెడల్పు మాత్రం వెనక్కి మడవండి. కాగితం అతుకుని తాకితే ద్రావకం దాని కిందికి పాకి మరకవుతుంది.

పొడవాటి పలకని బల్ల మీద పడుకోబెట్టి, కొస పలకని దాని మీద నిలబెట్టి, లోపల మూలమట్టం ఆనించండి. అతుకు కింద కొన్ని చోట్ల సన్నటి గుండుసూదులు దూర్చండి. సూది సిరంజితో లోపలి వైపు నుంచి ద్రావకం ఒక కొస నుంచి వదులుతూ పోతే అదే సందులోకి పాకుతుంది, మీరు తోయక్కర్లేదు. అర నిమిషం ఆగి సూదులు ఒక్కొక్కటిగా లాగేయండి. పలక తన బరువుతో కూర్చుంటుంది. పై నుంచి అదమొద్దు, అదిమితే కరిగిన పదార్థం బయటికి వచ్చి అతుకు పొడిబారుతుంది. కొద్ది నిమిషాల్లో పట్టుకుంటుంది, కానీ మర్నాటి దాకా తిప్పొద్దు. పూర్తి బలం ఇంకా ఆలస్యంగా వస్తుంది.

పై పలక ఆఖర్న. దానికి మూతని తలకిందులు చేసి, పై పలక కింద ఉండేట్టు పెట్టి, లోపలి నుంచే వదలాలి.

అద్దాలమేడ
ఇది చదివాక గాజే నయం అని మళ్లీ అనిపిస్తోంది నాకు :) కానీ సూదుల కిటుకు బాగుంది.

కంచుగంట
సన్నసూది గారూ, మొత్తం ఒప్పుకుంటా, ఒక్కటి తప్ప. మొదటిసారి చేసేవాళ్లకి పలచటి ద్రావకం కంటే చిక్కటి అక్రిలిక్ సిమెంటు నయం. చిన్న సందులు పూడుస్తుంది, సరిదిద్దుకోవడానికి టైమ్ ఇస్తుంది.

సన్నసూది
టైమ్ ఇస్తుంది, బుడగలు కూడా ఇస్తుంది. కనపడని వెనక అతుకులకి వాడండి, కాదనను. ముందు అంచుకి మాత్రం వద్దు. రంపం కోతలో మిగిలిన తునకల మీద రెండూ అతికి చూస్తే ఎవరి చేతికి ఏది కుదురుతుందో తెలుస్తుంది.

పాతఇంజన్
జిగురే లేకుండా కూడా కట్టొచ్చు. అల్యూమినియం ఎల్ పట్టీలు మూలల్లో పెట్టి పలకల్ని వాటిలో నిలబెట్టడమే. కార్ల మోడళ్లకి నేను అలాగే చేస్తా. పలకకి గీత పడితే అదొక్కటే మార్చుకోవచ్చు. కార్లు పెట్టేవాళ్లకి ఇంకో హెచ్చరిక: మెత్తటి వినైల్ టైర్లని నేరుగా అక్రిలిక్ మీద గాని పాలీస్టైరీన్ మీద గాని నిలబెట్టొద్దు. టైరుని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ బయటికి వచ్చి కింద పదార్థాన్ని మెత్తబరుస్తుంది, టైరు అంటుకుపోతుంది. ఇరుసులు ఎత్తిపట్టే చిన్న దిమ్మలు పెట్టి టైర్లు గాల్లో ఉండేట్టు చూడాలి.

పడవపిచ్చి
గాలి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. సిలికాన్‌తో చుట్టూ మూసేస్తే దుమ్ము అసలే రాదు కదా?

తెరచాప
మూయొద్దు. ఇది గట్టిగానే చెబుతున్నా. నాది చెక్క ఓడ, ఫిరంగులు సీసంతో పోతపోసినవి. అలాంటి ఓడలకి బిగించిన కేసు కంటే పెద్ద శత్రువు లేదు. చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ నుంచి, ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి నెమ్మదిగా వస్తూనే ఉంటుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పలక) జిగుర్ల నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది, అది ఫార్మిక్ ఆమ్లం అవుతుంది. మూసిన పెట్టెలో ఇవి పోగవుతాయి. సీసం ఉబ్బి తెల్లటి పొడిగా రాలుతుంది. ఆ పొడి సీసం కార్బొనేట్, విషం కూడా. వెనకటికి రంగుల కోసం సఫేదా తయారుచేసింది ఇలాగే, సీసపు రేకుల్ని వెనిగర్ ఆవిరిలో పెట్టి. అమెరికా నౌకాదళం ఓడ నమూనాల విభాగం దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక రాసింది, సీసం బదులు తగరం మిశ్రమం వాడమని చెప్పింది.

లోకో_1435
కానీ ఆయనది ప్లాస్టిక్ కిట్టు. సీసం లేదు కదా. ఆయనకి దుమ్మే పెద్ద సమస్య, మూసేస్తే తప్పేంటి?

తెరచాప
ప్లాస్టిక్ అయినా రంగులు ఉన్నాయి, ఎనామెల్ ఉంది, జిగుర్లు ఉన్నాయి, ఇత్తడి రెయిలింగులు ఉన్నాయి. అవన్నీ ఆరుతూ ఆవిరి వదులుతాయి. పైగా ఆయన అన్న సిలికాన్ ఏది? వెనిగర్ వాసన వచ్చే రకం గట్టిపడేటప్పుడు వదిలేది ఎసిటిక్ ఆమ్లమే. గాజు కేసు కట్టేవాళ్లు కూడా న్యూట్రల్ సిలికానే వాడాలి.

అద్దాలమేడ
అవును, ఇందులో తెరచాప గారితో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తా. నేను న్యూట్రలే వాడాను.

నీలిరెక్క
బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో మొదలుపెట్టిన పరీక్ష ఒకటి ఉంది. షోకేసులో వాడబోయే పదార్థాన్ని చిన్న గాజు పాత్రలో వెండి, సీసం, రాగి ముక్కలతో పాటు కొంచెం తేమ పెట్టి మూసి, 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచుతారు. ముక్కలు నల్లబడినా పొడిబారినా ఆ పదార్థం షోకేసుకి పనికిరాదు. ఊలు ఫెల్టు వెండిని నల్లబరుస్తుంది, పీవీసీ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పీఠం మీద గుడ్డ వేసేవాళ్లు రంగు దిగని ఉతికిన నూలు గుడ్డ వేసుకోండి.

లోకో_1435
సరే, మరి దుమ్ము?

తెరచాప
పీఠంలో, ఓడ కనపడని చోట, రెండు కొసలా చిన్న రంధ్రాలు పెట్టి వాటికి సన్నటి ఫిల్టరు గుడ్డ అతికించండి. గది వేడి మారినప్పుడల్లా పెట్టెలోని గాలి సాగి ముడుచుకుంటుంది, ఎక్కడో ఒక చోట నుంచి లోపలికీ బయటికీ పోవాల్సిందే. దారి మీరే పెడితే ఫిల్టరు గుండా పోతుంది. పెట్టకపోతే మూత అంచు కింది నుంచి దుమ్ముతో సహా పీల్చుకుంటుంది.

లోకో_1435
ఇది సబబుగా ఉంది.

పడవపిచ్చి
రంధ్రాలు పెడతా. లైట్లు లోపల పెట్టొచ్చా? పై పలక లోపలి వైపు ఎల్‌ఈడీ పట్టీ అతికిద్దామనుకున్నా.

నీలిరెక్క
లోపల వద్దు. ఎల్‌ఈడీ ముందు వైపు వేడి తక్కువే, కానీ వెనక పట్టీ వేడెక్కుతుంది, అక్రిలిక్ ఆ వేడిని బయటికి పంపదు. లైటు వెలిగినప్పుడల్లా లోపలి గాలి సాగుతుంది, ఆర్పితే ముడుచుకుంటుంది. పై పలక మీద విడిగా ఒక అల్యూమినియం పట్టీలో పెట్టి, కింద పాల రంగు డిఫ్యూజర్ వేయండి. చుక్కలు చుక్కలుగా ప్రతిబింబం పడదు. ట్రాన్స్‌ఫార్మర్ కేసు బయటే.

వెలుగు ఎంత అన్నది కూడా ముఖ్యమే. మ్యూజియంలు బాగా సున్నితమైన వాటికి 50 లక్స్ దాటనివ్వవు. మనం అంత కట్టుబడక్కర్లేదు, చూసేటప్పుడు వేసుకుని తర్వాత ఆర్పేస్తే చాలు. కిటికీ ఎండ మాత్రం నేరుగా పడకూడదు. డెకాల్స్ (మోడల్ మీద అతికే గుర్తులు) పసుపెక్కుతాయి, మూసిన పెట్టెలో వేడి గదికన్నా బాగా పెరుగుతుంది. యూవీ ఆపే రకం అక్రిలిక్ దొరికితే తీసుకోండి, కానీ అది ఉందని కిటికీ పక్కన పెట్టేయొద్దు.

పాతఇంజన్
వెనక పలకకి అద్దం పెడితే రెండో వైపు కూడా కనపడుతుంది కదా?

కంచుగంట
ఓడకి వద్దనే అంటా. అద్దంలో చూసేవాళ్ల ముఖం, గదిలో బల్లలు కుర్చీలు అన్నీ ఓడ వెనక నిలబడతాయి. కార్లకైతే అడుగున అద్దం బాగుంటుంది, కింది ఇంజన్ భాగాలు కనపడతాయి.

పడవపిచ్చి
అద్దం వద్దు, వెనక కూడా పారదర్శకమే. ఓడని పీఠానికి ఎలా పట్టించాలి? ఇప్పుడు కిట్టుతో వచ్చిన ప్లాస్టిక్ స్టాండు మీద ఉంది.

తెరచాప
స్టాండు మీద ఊరికే ఆనించి కేసు పెడితే ఎప్పుడో ఒకసారి బల్ల జరిపినప్పుడు ఓడ జారి దాని కొయ్య స్తంభం కేసు పలకకి తగులుతుంది. రెండు ఇత్తడి స్తంభాలు, ఒక్కోదాని లోపల కింది నుంచి పైకి పోయే పొడవాటి మరమేకు, ఓడ అడుగున లోపల నట్టు. డెక్కు మూయక ముందైతే నట్టుని లోపల ఎపాక్సీతో పాతొచ్చు. మీది మూసేశారు కాబట్టి అడుగున రెండు చోట్ల రంధ్రం చేసి, అందులో లోపలి మరలున్న ఇత్తడి గొట్టం ముక్కని చుట్టూ ఎపాక్సీ పెట్టి కూర్చోబెట్టండి. ఓడని తిప్పి పట్టుకునే ఏర్పాటు ముందు చూసుకోండి, రెయిలింగుల మీద బరువు పడకూడదు. మెత్తటి పాలిథిన్ ఫోమ్‌లో ఓడ పక్కల ఆకారానికి గంటు కోసి అందులో పడుకోబెడితే సరిపోతుంది.

లోకో_1435
పీఠం ఒకే చెక్క పలక అయితే తేమకి వంగుతుంది, అప్పుడు మెట్టు చుట్టూ మూత సరిగా కూర్చోదు. మంచి ప్లైవుడ్ తీసుకుని అడుగూ పైనా రెండు వైపులా ఒకేలా పాలిష్ వేయండి. ఒక వైపే వేస్తే ప్లైవుడ్ కూడా వంగుతుంది. పాలిష్ ఆమ్లపు ఆవిర్ల వేగం కూడా కొంత తగ్గిస్తుంది.

తెరచాప
కొంతే తగ్గిస్తుంది, ఆపదు. నేనైతే మెట్టు పలకని చెక్కతో కాకుండా నల్ల అక్రిలిక్‌తో చేస్తా. అప్పుడు కేసు లోపల చెక్క ముఖమే ఉండదు.

పడవపిచ్చి
నల్ల అక్రిలిక్ మెట్టు, బయట చెక్క బీడింగ్. ఇదే ఖాయం. షీటు వచ్చే వారం తెస్తున్నా, వెర్నియర్ కొలతలు ఇక్కడే పెడతా. ఆఖరి ప్రశ్న: ఓడ మీద మ్యాట్ వార్నిష్ మొన్ననే కొట్టాను, కేసు అతికిన మర్నాడే మూసేయొచ్చా?

సన్నసూది
అప్పుడే వద్దు. అతికిన మూత లోపల ద్రావకం వాసన పోయేదాకా విడిగా, తలకిందులుగా, గాలి తగిలే చోట ఉంచండి. ముక్కు దగ్గర పెట్టి చూస్తే వాసన అసలు తెలియకూడదు. ఓడ మీద ఎనామెల్ ఉంటే దానికి ఇంకొన్ని వారాలు ఇవ్వండి. ఈలోగా దుమ్ము పడకుండా శుభ్రమైన అట్టపెట్టె బోర్లించండి, ఒక పక్క సందు వదిలి.

కంచుగంట
కొలతలు పెట్టేటప్పుడు నాలుగు మూలలవీ మధ్యలోదీ పెట్టండి. కొస పలక వెడల్పు నేను లెక్కేసి చెప్తా, అప్పటిదాకా కోయించొద్దు.